సిగ్గరి అని రాసిన ఎనిమిది నెలలు

మొన్న రాజాంలో మా అంగన్‌వాడీ టీచర్ల సమావేశం జరిగింది. నెలనెలా జరిగేదే. కుర్చీలు తక్కువ, ఫ్యాన్లు అంతకన్నా తక్కువ, ఉపన్యాసాలకు మాత్రం ఎప్పుడూ కొరత లేదు. ఈసారి పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా పెద్దమ్మాయి ఈడుది. టీచర్లూ ఆయాలూ ఒక జట్టుగా ఎలా పనిచేయాలో నేర్పడానికి వచ్చానని చెప్పి, మమ్మల్నందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఎర్ర ఊలు ఉండను ఒకరి చేతి నుంచి ఒకరికి విసిరించింది. కాసేపటికి మా మధ్య సాలెగూడులాంటిది తయారైంది. ఇదే జట్టు అంది. ఆ గూడు విప్పుకోవడానికి అరగంట పట్టింది. ఒకావిడ గాజులకు చుట్టుకున్న ఊలును కత్తిరించి తీయాల్సి వచ్చింది. ఆ పిల్ల మీద నాకేమీ కోపం లేదు. చెప్పమన్నది చెప్పింది, మర్యాదగా చెప్పింది. కాకపోతే ఆ ఆటకు ఆయాలను పిలవలేదు. వాళ్ళు వెనక వరండాలో మాకు టీ కాస్తున్నారు.

టీ తాగాక అందరికీ ఒక పుస్తకం పంచారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. మా పిల్లల విజయగాథలట. నాలుగో పేజీ తిప్పేసరికి మా ఊరి పిల్ల కనిపించింది. చెవి వెనక మిషను, మొహం నిండా నవ్వు. పక్కన ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి అప్పటి మా సూపర్‌వైజరు. ఇప్పుడావిడ ఆఫీసులో ఇంకా పెద్ద కుర్చీలో ఉంది. బొమ్మ కింద రాసినది చదివాను. సూపర్‌వైజరు బిడ్డ లోపాన్ని సకాలంలో గుర్తించి, తన బృందాన్ని ముందుండి నడిపించి, ఆ చిన్నారికి శబ్ద ప్రపంచాన్ని అందించారు, అని ఉంది. సకాలంలో అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. లేచి తిన్నగా ఆవిడ దగ్గరకు వెళ్ళి, ఇది ఎవరు రాశారు మేడమ్ అని అడిగాను. ఆవిడ నా వీపు తట్టింది. "పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా. మనమంతా ఒక టీమ్ కదా" అంది.

ఇంటికి వచ్చిన వెంటనే అప్పకు ఫోను చేసి ఆ బొమ్మ కింద రాసినది చదివి వినిపించాను. అప్ప అంటే నా సొంత అక్క కాదు. మా సెంటరులో పద్దెనిమిదేళ్ళు ఆయాగా పనిచేసిన మనిషి. రెండేళ్ళ కిందట వయసైపోయిందని ఇంటికి పంపేశారు, ఇప్పుడు పొందూరులో కూతురి దగ్గర ఉంటోంది. నేను చదివినంతసేపూ ఊ కొట్టింది. తన పేరు లేదేమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

"ఆ ఎనిమిది నెల్లు రాసినారేటి అందులో?" అంది.

రాయలేదన్నాను. మరి ఎవులు రాస్తారు అని ఫోను పెట్టేసింది. అందుకని నేనే రాస్తున్నాను.

అప్పట్లో మా సెంటరు అద్దె ఇంట్లో ఉండేది. ముందు గది బడి, వెనక గది వంట, మధ్యలో తలుపు లేని గుమ్మం. అందుచేత పొయ్యి మీద పప్పు పొంగితే పిల్లలకు పాఠం ఆగిపోయేది, పాఠం పొంగితే పప్పు మాడిపోయేది. కాగితం మీద అప్ప పని ఊడవడం, వండడం, పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకొచ్చి దిగబెట్టడం. నా పని చదువు చెప్పడం. నిజంగా జరిగేది వేరు. నేను పిల్లల బరువులు, ఎత్తులు, గుడ్లు, పాలు రిజిస్టర్లలో రాసేదాన్ని. తర్వాత ఫోను ఇచ్చారు, అవే మళ్ళీ ఫోనులో ఎక్కించేదాన్ని. సిగ్నలు కోసం గోడెక్కి నిలబడేదాన్ని. నేను పిల్లల గురించి రాస్తుంటే అప్ప పిల్లల్ని చూసేది. ఎవరికి గుడ్డులో పచ్చసొన గొంతులో అడ్డుపడుతుందో, ఎవడు తల్లి పనిలోకి వెళ్ళిన రోజు గోడ వైపు తిరిగి పడుకుంటాడో, ఎవరి చెప్పులు కుడి ఎడమ మారితే ఏడుస్తారో అన్నీ ఆమెకు తెలుసు. సంతకం పెట్టడం ఒక్కటే ఆమెకు వచ్చిన రాత. ఆ సంతకం కూడా పొయ్యి మీద కూర ఉన్నప్పుడు పెట్టమంటే కసురుకునేది.

మా వీధికి అవతల ఇంకో సెంటరు ఉంది. అక్కడి టీచరు నాకు వదిన వరస, ఆమెకు నేనూ వదిననే. ఆమెకూ నాకూ ఆ రోజుల్లో ఏడాదిగా మాటల్లేవు. గొడవ దేని గురించంటే, రెండు వీధుల మధ్య మూలింట్లో కవల పిల్లలున్నారు. ఆ పిల్లలు నా లెక్కలోకి వస్తారని నేను, తన లెక్కలోకి వస్తారని ఆవిడ. పిల్లలు తగ్గితే సెంటరు ఎత్తేస్తారని మా ఇద్దరికీ భయం పెట్టి ఉంచారు. నేను పొద్దున్నే వెళ్ళి ఒకణ్ణి చంకనేసుకొచ్చేదాన్ని, ఆవిడ వచ్చి రెండోవాణ్ణి పట్టుకుపోయేది. కవలలిద్దరూ మధ్యాహ్నం దాకా ఒకరికోసం ఒకరు ఏడ్చేవారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం పప్పు గిన్నె అప్పివ్వమని అడగాల్సి వచ్చినా అప్పనే పంపేదాన్ని. అప్ప అటు వెళ్ళి ఓ పది నిమిషాలు కూర్చుని, ఇటు వచ్చి, మీ ఇద్దరికన్నా ఆ గుంటలే నయం అనేది.

ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత బొమ్మలోని ఈ పిల్ల చేరింది. మూడేళ్ళు నిండాయి. తల్లి జూటు మిల్లులో పనికి వెళ్తుంది. తండ్రి సాలూరు లారీల మీద తిరుగుతాడు, నెలకో రెండు నెలలకో ఇంటికొస్తాడు. నాయనమ్మ తీసుకొచ్చి దించేది. పిల్ల ముద్దుగా ఉండేది, ఎవరినీ కొట్టేది కాదు, ఇచ్చినది తినేది. మాట్లాడదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. పక్క పిల్లలు లేస్తే లేస్తుంది, కూర్చుంటే కూర్చుంటుంది. చేరిన మొదటి నెలలో పిల్ల స్వభావం రాయమని ఒక గడి ఉంటే అందులో సిగ్గరి అని రాశాను. రెండో నెలా అదే రాశాను. రాయడం తేలిక. పైన రాసినది చూసి కింద దింపేయడమే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టడం అప్ప పని. పాటేదో సాగదీస్తూ ఒక్కొక్కరినీ జోకొట్టేది. ఒకరోజు నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఈ గుంట పాటకి పడుకోదు, అరికాలు మీద తడితేనే పడుకుంటాది, తక్కినోళ్ళు నా గొంతు ఇని కళ్ళు మూస్తారు, ఇది నా సెయ్యి కోసం సూస్తాది, అంది. ఒక్కో పిల్ల ఒక్కోరకం అన్నాను. మర్నాడు నేను రిజిస్టరు రాస్తుంటే వెనకాల ఢాం అని పెద్ద చప్పుడైంది. ఉలిక్కిపడి పెన్ను జారవిడిచాను. పిల్లలందరూ తిరిగారు, ఇద్దరు ఏడుపందుకున్నారు. అప్ప కావాలనే ఇత్తడి పళ్ళేన్ని గచ్చు మీద వదిలింది. ఆ పళ్ళెం పడిన చోటికి జానెడు దూరంలో ఈ పిల్ల చింతగింజలు పేర్చుకుంటోంది. ఇంకో గింజ తీసి వరసలో పెట్టింది.

"సెల్లీ, దీనికి ఇనబడదు" అంది అప్ప. నలుగురిలో నన్ను టీచరమ్మా అని పిలిచేది. సెల్లీ అన్నదంటే మాట గట్టిదని అర్థం.

నేను అప్పుడేం చేయాలో ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు నాకూ తెలుసు. చేయలేదు. ఆటలో మునిగిపోయి ఉంటుందిలే అన్నాను. నాయనమ్మను అడిగితే, మా ఇంట్లో అందరికీ మాట ఆలీసమే, దీని తాత అయిదేళ్ళకి మాటాడినాడు అంది. ఆ మాట పట్టుకుని ఒక నెల గడిపాను. తర్వాత సూపర్‌వైజరు వచ్చినప్పుడు చెప్పాను, అదీ నా మాటగా కాదు, ఆయా ఇలా అంటోంది మేడమ్ అని చెప్పాను. ఆవిడ అప్పను పిలిచి నిలబెట్టింది. నువ్వు డాక్టరువా, నీ పని గుడ్లు ఉడకబెట్టడం, అది సరిగ్గా చూసుకో అంది. నాతో వేరుగా మాట్లాడుతూ, మన సెక్టారులో అలాంటి పిల్లలు ఒక్కరూ లేరని పైకి రాసి పంపాను, ఇప్పుడు ఒకరున్నారని రాస్తే వంద ప్రశ్నలు వస్తాయి, కొన్నాళ్ళు చూద్దాం అంది. చూద్దాం అన్నాను. పిల్లల్ని పరీక్షించే డాక్టర్ల బండి ఒకసారి వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి పేరేంటమ్మా అంటే పిల్ల ఆయన మొహం చూసి నవ్వింది. బయట ఇంకా బోలెడుమంది వరసలో ఉన్నారు. బాగుంది అని టిక్కు పెట్టి పంపేశారు. అప్ప గుమ్మం దగ్గర నిలబడి, ఎనక నుంచి పిలవండి బాబూ అని రెండుసార్లు అంది. ఎవరూ వినలేదు. చెవులున్నవాళ్ళమే అందరం.

నేను చెడ్డదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మంచిదాన్ననీ కాదు. మా ఉద్యోగంలో ఒక రకం భయం ఉంటుంది. అది ఎవరో కొడతారన్న భయం కాదు, ఎవరో కాగితం పంపుతారన్న భయం. ఆ భయంలో మనిషి పక్కనున్న మనిషి మాట నమ్మడు, పైనున్నవాళ్ళ మొహం చూస్తాడు. దసరా వెళ్ళింది, సంవత్సరం మారింది. ఎనిమిది నెలలూ ఆ గడిలో సిగ్గరి అని రాస్తూనే ఉన్నాను.

ఇక నాతో పనికాదని అప్పకు అర్థమైంది. నాకు చెప్పకుండా వదిన దగ్గరకు వెళ్ళింది. ఒకరోజు పదకొండు గంటలకు, ఏడాదిగా మా గుమ్మం తొక్కని వదిన మెడలో విజిలు వేసుకుని లోపలికి వచ్చింది. నన్ను దాటుకుని పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడి బుగ్గలు పూరించి ఊదింది. పిల్లలు చెవులు మూసుకున్నారు, పక్కింటి మేక తాడు తెంపుకుంది, ఆ ఇంటావిడ బయటికొచ్చి తిట్టడం మొదలుపెట్టింది. పిల్ల మాత్రం తన పలక మీద గీతలు గీసుకుంటూనే ఉంది. వదిన విజిలు దించి నా వైపు చూసింది.

"ఏటి సేస్తన్నావు వదినా ఇన్నాళ్ళూ?" అంది.

ఏడాది తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదాన్ని. కోపంగా అనలేదు.

ఆ సాయంత్రమే ముగ్గురం పిల్ల ఇంటికి వెళ్ళాం. విశాఖలో పెద్దాసుపత్రిలో చూపించాలి. తల్లికి ఆ ఊరంటే భయం, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియదు, నాయనమ్మ ఒప్పుకోదు. వదిన నాయనమ్మ పక్కన కూర్చుని ఏం మాట్లాడిందో గాని గంటలో ఒప్పించింది. మొదటిసారి ఒకరోజు సెలవు పెట్టి నేనూ తోడు వెళ్ళి, చీటీ రాయించి రాత్రికి వచ్చేశాం. అసలు పరీక్షకు వేరే రోజు ఇచ్చారు. పిల్లను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి చూస్తారట. నిద్రపోకపోతే పరీక్ష లేదు, మళ్ళీ నెల తర్వాతే రావాలి. ఆ పిల్లను నిద్రపుచ్చగల మనిషి ఈ భూమి మీద ఒక్క అప్పే. సూపర్‌వైజరును సెలవడిగితే ఇవ్వలేదు. ఆ రోజు పెద్దాఫీసరు రావచ్చు, ఆయా తప్పకుండా ఉండాలి అంది. ఉండదు, వెళ్తుంది అని ముగ్గురం అనుకున్నాం. వదిన తన పిల్లలందరినీ మా సెంటరుకు తోలుకొచ్చి నాతో కలిసి చూస్తుంది, వాళ్ళ ఆయా రెండు సెంటర్లకూ కలిపి వండుతుంది, అప్ప తల్లీపిల్లలతో తెల్లవారి మొదటి బస్సుకు వెళ్తుంది. ఇది మేం వేసుకున్న పథకం. దానికి ఊలు ఉండ అక్కరలేకపోయింది.

ఆ రోజు పిల్లలకు పండగే. కవలలిద్దరూ ఒకే గదిలో, ఒకే చాప మీద. పదకొండున్నరకు జీపు వచ్చింది. ఆఫీసరు పెద్దగా ఏమీ అనలేదు, పిల్లల్ని చూసి ఇంతమందా అని సంతోషించాడు కూడా. లెక్క అడిగేసరికి అంతా బయటపడింది. ఈ సెంటరులో ఆయా లేదు, ఆ సెంటరుకు తాళం. సూపర్‌వైజరు మొహం ఎర్రగా అయింది. ఆఫీసరు జీపెక్కాక నన్ను వంటగదిలోకి పిలిచి తెల్లకాగితం చేతిలో పెట్టింది. ఆయా చెప్పకుండా పనికి రాలేదని, నీకేమీ తెలియదని రాసివ్వు, నీ జోలికి ఎవరూ రారు అంది. పక్కన గుడ్లు ఉడుకుతున్నాయి. నేను పెన్ను మూత తీశాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయా చెప్పకుండా, అనేదాకా రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ రెండు మాటలూ చాలా చక్కగా వచ్చాయి.

వదిన వచ్చి కాగితం నా చేతిలోంచి తీసుకుంది. చదివింది. కాగితాన్ని వెనక్కి తిప్పి, బియ్యం డబ్బా మూత మీద పెట్టి, బిడ్డకి చెవుడు ఉందని అనుమానం వచ్చి ముగ్గురం కలిసి ఆలోచించి ఆయాను ఆసుపత్రికి పంపించాం, తప్పయితే ముగ్గురిదీ, అని రాసి సంతకం పెట్టింది. పెన్ను నాకిచ్చింది. నేనూ పెట్టాను. నా సంతకం రెండోది. పుస్తకంలో బృందం అని రాసిన ప్రతిచోటా నాకు ఆ రెండో సంతకమే కనిపిస్తోంది.

సాయంకాలం బస్సు దిగి అప్ప తిన్నగా సెంటరుకే వచ్చింది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది. మందు తాగించినా పడుకోలేదట, నర్సులు ఇక పొండి అన్నారట. అప్ప ఆ ఆసుపత్రి గచ్చు మీదే కాళ్ళు చాపి కూర్చుని, పిల్లను ఒళ్ళో వేసుకుని, అరికాలు మీద తడుతూ గంటన్నర కూర్చుందట. పరీక్ష అయింది. రెండు చెవులూ దాదాపు వినపడవు. మిషన్లు పెట్టాలి, మాటలు నేర్పించాలి.

"ఇంత ఆలీసంగా తెచ్చినారేటని డాకటరమ్మ అడిగినాది" అంది అప్ప. "నాను ఏటని సెప్పను? తెలీక అని సెప్పినాను."

నన్ను కాపాడడానికి అబద్ధమాడి వచ్చింది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

వారం తిరక్కుండా వదినకూ నాకూ సంజాయిషీ ఇమ్మని కాగితాలు వచ్చాయి. అప్పకు వచ్చిన కాగితం వేరు. మూడు నెలలు పనిలోకి రావద్దు. ముగ్గురిదీ తప్పని రాసిస్తే శిక్ష మాత్రం అందరికన్నా కింద ఉన్న మనిషికి పడింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి అప్ప వచ్చి మా వాకిట్లో కూర్చుంది. లోపలికి రావద్దన్నారు, వాకిట్లో కూకుంటే ఎవులేటంటారు అంది. ఆ మూడు నెలలూ జీతం లేకుండా, సంతకం లేకుండా వాకిట్లోనే పిల్లల్ని ఆడించింది. వదిన వాళ్ళ ఆయా రెండు చోట్లా వండింది. కవలల సంగతి ఆ తర్వాత మేం ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్ళు ఎక్కడ ఆడుకుంటే అక్కడ ఆడుకున్నారు.

మిషన్లు రావడానికి మరికొంత కాలం పట్టింది. ఒక శిబిరంలో ఇచ్చారు. సూపర్‌వైజరు కొత్త చీర కట్టుకుని వచ్చింది. పిల్ల అప్ప కొంగు పట్టుకుని వదలడం లేదు. ఫోటో తీసే ఆయన, కొంచెం పక్కకు జరుగమ్మా అన్నాడు. అప్ప కొంగు మెల్లగా విడిపించుకుని జరిగింది. ఆ ఫోటోయే ఈ పుస్తకంలో వేశారు. జాగ్రత్తగా చూస్తే పిల్ల కెమెరా వైపు చూడడం లేదు, పక్కకు చూసి నవ్వుతోంది.

మొదట్లో మిషను పెడితే పీకి పారేసేది. ఒకరోజు అప్ప చేటలో బియ్యం చెరుగుతుంటే పిల్ల ఆడుతున్నది ఆపి వచ్చి చేట మీద చెవి పెట్టింది. అప్ప ఆ బియ్యాన్ని ఆ రోజు ఎన్నిసార్లు చెరిగిందో. అప్పటి నుంచి ముగ్గురం పని పంచుకున్నాం. వంటింటి మాటలు అప్పవి, వీధిలో మాటలు వదినవి, బొమ్మల పుస్తకంలోవి నావి. పప్పు అనే మాట రావడానికి వర్షాకాలమంతా పట్టింది. మాటలు నేర్పే మేడమ్ ఒకసారి, అన్నీ వస్తున్నాయి గాని చ పలకడం లేదు, చెప్పు అనమంటే సెప్పు అంటోంది అని బెంగపడింది. అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది సెవిటితనం కాదమ్మా, మా ఊరు అంది.

ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి. పోయిన నెల బస్సు కోసం నిలబడి ఉంటే పరుగెత్తుకొచ్చి ఏదో అడిగింది. బస్సుల హోరు, నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. అప్పుడూ అర్థం కాలేదు, తన మాటలు ఇంకా కొంచెం ముద్దముద్దగానే ఉంటాయి. మూడోసారి నా చెయ్యి పట్టుకుని వంచి, నా చెవి దగ్గర ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "టీచరమ్మా, మోకాలు నొప్పి తగ్గినాదా?" తగ్గింది అన్నాను. విసుక్కోకుండా మూడుసార్లు చెప్పి, నేను విన్నానని మొహం చూసి తెలుసుకుని వెళ్ళిపోయింది. క్లాసులో వెనకబడుతోందని వాళ్ళ మాస్టారు చెప్పాడు. కొన్ని నెలల ముందే మొదలుపెట్టి ఉంటే ఈపాటికి అందుకునేదని ఆయనకెవరో చెప్పారట. నాకూ వయసవుతోంది, ఆ సూపర్‌వైజరు మీదా నా మీదా ఉన్న ఈ కోపం ఏదో ఒకనాటికి చల్లారుతుంది. ఆ ఎనిమిది నెలలు మాత్రం ఆ పిల్లతోపాటే పెరుగుతున్నాయి.